కుళాయి గొట్టం ఆగిన చోటు

ఆయన పోయారని ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్న ఫోన్లో తెలిసింది. వినగానే నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, నేను నిలబెట్టుకోని మాట. ‘ఈ వార్త నీ పేరుతోనే వస్తుంది’ అని నలభై ఏళ్ల కిందట ఆయనకు మాటిచ్చాను. వార్త వచ్చింది. పేరు మాత్రం నాది వచ్చింది.

బతికున్నన్నాళ్లూ ఆయనకు ఒక్క కప్పు టీ ఇప్పించని పెద్దలు ఇప్పుడు ‘మనోనేత్రంతో లోకాన్ని చూసిన మహనీయుడు’ అని రాస్తున్నారు. మనోనేత్రమూ లేదు, మరోటీ లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. మిగిలినవి రెండు చెవులు, పది వేళ్లు, ఎదుటివాడికి విసుగు పుట్టేదాకా ప్రశ్నలడిగే నోరు. వాటితోనే ఆయన వార్తలు పట్టారు. ఎలా పట్టారన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టదు.

డెబ్బైల చివర్లో మా పత్రిక ఆఫీసు రేవు దగ్గర, వన్ టౌన్‌లో ఉండేది. నేను విలేకరిని, ఆయన టెలిఫోన్ ఆపరేటర్. ఊళ్ల నుంచి ఎవరైనా వార్త చెప్పే వేళకు రాసుకునేవాడు లేకపోతే, మొత్తం విని, తర్వాత ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పేవారు. ఒకసారి ఒకడు పడవ మునిగిన ఒడ్డు నుంచే మాట్లాడుతున్నానన్నాడు.

“నీ ఎనకాల పూరీలు ఏగుతన్నాయి బాబూ. తినీసి, ఒడ్డుకెల్లి మళ్లీ ఫోన్ సెయ్యి” అని పెట్టేశారు.

డ్యూటీ అయ్యాక నా మోచేయి పట్టుకుని చేపల రేవుకు వచ్చేవారు. నేను తట్టల్లోకి చూసేవాణ్ణి. ఆయన గట్టు మీద నిలబడి, “ఆడోళ్లు తగువులాడుకోటం నేదు. యాట బాగోనేదు బావా” అనేవారు. వెళ్లి అడిగితే నిజమే, ఆ రోజు వలల్లో చేపలు సరిగా పడి ఉండేవి కావు. ఆయన తరచూ అనే మాట ఒకటుంది: “కళ్లున్నోడు సూసి తల తిప్పీసుకుంటాడు. నాకా సదుపాయం నేదు.”

ఆయనకు ఉన్నది ఒక్కటే కోరిక, విలేకరి అనిపించుకోవాలని. మేడ మీద కూర్చునే ఎడిటర్ ఆ సంగతి ఎత్తితే నవ్వేవాడు. “గుడ్డివాడు చూసొచ్చాడని రాస్తే జనం ఏమంటారయ్యా?” నేను పట్టుబడితే చివరికి, ఆయన తన పేరుతో ఒక్క మంచి వార్త తెస్తే విలేకరిగా తీసుకోవడం గురించి ఆలోచిస్తానన్నాడు. అప్పుడే నేను ఆయనకు మాటిచ్చింది.

ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు వదిలిన వాళ్లకు కట్టిన ఒక కాలనీ ప్రారంభానికి ఇద్దరం వెళ్లాం. గోడల సున్నం వాసన ఇంకా పోలేదు. ముఖ్య అతిథి మొదటి ఇంటి ముందు కుళాయి తిప్పాడు. నీళ్లు పడ్డాయి, చప్పట్లు పడ్డాయి. ఇంటింటికీ కుళాయి అని విలేకరులందరం రాసుకున్నాం. కళ్లతో చూశాం కదా.

ఆయన మాత్రం వంగి గొట్టం మీద చెయ్యి వేశారు. దాన్ని వదలకుండా గోడల వెంట నడిచారు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. నాలుగో ఇంటి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మన్ను తోడారు.

“బావా, ఇటు రా. గొట్టం ఇక్కడితో సరి.”

ఆపైన ఇళ్లన్నిటికీ కుళాయిలు ఉన్నాయి. ఒక్కొక్కదాని కింద జానెడు గొట్టం మట్టిలోకి దిగి ఆగిపోయింది. వెనక ఎక్కడో బిందెలో నీళ్లు తొణికాయి. ఆయన తల అటు తిప్పారు.

“అమ్మా, బిందె ఎక్కడ నింపినావు?”

“మా పాత ఊరి నూతికాడ బాబూ. ఈ బాబులెల్లేదాకా కుళాయి ముట్టొద్దన్నారు.”

“మరి ఎవులికీ సెప్పనేదేటి?”

“ఎవులడిగారు బాబూ?”

ఆ సాయంత్రం ఆఫీసులో ఆయన చెబుతుంటే నేను రాశాను. మొదటి కాగితం పైన వార్త తెచ్చినవాడి పేరు రాయడం మా పద్ధతి. అంతా అయ్యాక ఆయన అడిగారు, “నా పేరు రాసినావా బావా?”

“రాశాను” అన్నాను.

మర్నాడు వార్త నా పేరుతో వచ్చింది. నెల తిరక్కుండా అక్కడ నేల తవ్వి గొట్టాలు కలిపారు. ఏడాదిలో నన్ను చీఫ్ రిపోర్టర్‌ను చేశారు. ఆయన రిటైరైన రోజు చేతికిచ్చిన కాగితంలో కూడా టెలిఫోన్ ఆపరేటర్ అనే ఉంది.

గుడ్డివాడి పేరు వెయ్యడానికి చెయ్యి రాలేదని ఎడిటర్‌ను ఆయన ముందూ, అందరి ముందూ తిట్టేవాణ్ణి. ఆయన “పోన్లే బావా, నీళ్లొచ్చినాయి కదా” అనేవారు. ఆ ఎడిటర్ చనిపోతే నేను చూడటానికి కూడా వెళ్లలేదు.

ఇప్పుడు ఈయన పోయిన పదో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, నెమ్మదిగా అంది.

“అన్నయ్యా, మీరు ఎడిటర్ని తిట్టినప్పుడల్లా ఈయన ఇంటికొచ్చి నవ్వీవోరు.”

“ఎందుకమ్మా?”

“పేరు రాశానని మీరన్నారంట గానీ, పెన్ను సప్పుడు రానేదంట.”

గ్లాసు కింద పెట్టేశాను. మరి ఒక్కసారైనా నన్నెందుకు అడగలేదన్నాను.

“నానూ అదే అడిగినాను. ‘అడిగితే బావ సిగ్గుపడిపోతాడు. మళ్లీ మోసెయ్యి ఇవ్వడు. నాను బయటికెలా ఎల్తాను’ అన్నారు.”

అవును. ఆ రోజు నేను ఆయన పేరు రాయలేదు, నా పేరూ రాయలేదు. పై భాగం ఖాళీగా వదిలి కాగితాలు మేడ మీదికి పంపాను. నా దస్తూరీ ఎడిటర్‌కు తెలుసు, నా పేరే వేశాడు. అందులో అతని పొరపాటేమీ లేదు. అతన్ని ఇక వదిలేస్తున్నాను. నేను ఇంకా తప్పు పట్టే మనిషి ఒక్కడే, అది నేనే.

ఆ సాయంత్రం నేను ‘రాశాను’ అన్నాక ఆయన తల కొంచెం పక్కకు వాల్చి ఆగారు. రేవులో ఏదో ఓడ కూత వింటున్నారనుకున్నాను. తర్వాత చెయ్యి చాచి నా మోచేయి వెతుక్కుని, “పద బావా” అన్నారు. ఇద్దరం మెట్లు దిగాం. ఆయన వేళ్లు ఎప్పటిలాగే వదులుగా, నమ్మకంగా ఉన్నాయి.