మాల వేయని స్వామి

మెట్‌పల్లిలో రంజిత్ రోజంతా మరమగ్గం మీద తెల్లబట్ట నేస్తాడు. ఒంటి మీదికి మాత్రం నలుపు తప్ప మరో రంగు రానివ్వడు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, గోళ్లకు నల్లరంగు, కళ్లకు బెత్తెడు కాటుక. దీన్ని గోత్ అంటారని, లోకంలో ఇలాంటివాళ్లు లక్షల్లో ఉన్నారని, వాళ్లంతా దిగులు పాటలు విని హాయిగా ఉంటారని అతను చెబితే మగ్గాల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. తొమ్మిదిమంది. కరీంనగర్ షారోన్ ఒక్కతే దగ్గరి ఊరి మనిషి, మిగతావాళ్లు ఎక్కడెక్కడివాళ్లో. అక్కడ మాత్రం తానెవరో విడమరిచి చెప్పుకోనక్కర్లేదు.

కార్తీకంలో పేచీ రాలేదు. నల్లబట్టలు చూసి ఊరంతా అయ్యప్ప మాల వేశాడనుకుంది. హోటల్ భూమన్న "స్వామి శరణం" అంటూ ఇంకో రెండు ఇడ్లీలు వేశాడు. తాను స్వామిని కాదన్నాడు రంజిత్. ఇడ్లీలు తిన్నాక అన్నాడు.

మకరజ్యోతి అయిపోయింది. స్వాములంతా మాలలు తీసి రంగు చొక్కాలు తొడిగారు. రంజిత్ తొడగలేదు. తల్లి బాలలక్ష్మికి అక్కడొచ్చింది తంటా. నూలు కండెలు చుట్టేచోట ఎవరడిగినా "మొక్కున్నది, ఇంకో మండలం" అని చెప్పేది. ఉగాది వెళ్లింది, ఎండలు వెళ్లాయి, మండలం మాత్రం తెమల్లేదు.

"అవ్వా, నాకు మొక్కు లేదు, మాల లేదు. నేను గోత్‌ను. ఒక్కపారన్న నల్గురిల గా మాట చెప్పు" అన్నాడు రంజిత్.

"నాకు నోరు తిరుగది కొడుకా" అంది బాలలక్ష్మి.

నోరు తిరక్క కాదు, సిగ్గయి. అది రంజిత్‌కు తెలుసు. ముక్కూముఖం ఎరగని తొమ్మిదిమంది ఒప్పుకున్నదాన్ని కన్నతల్లి దాచిపెడుతోందని అతని కోపం.

శ్రావణ పౌర్ణమికి మార్కండేయ గుడిలో కులపోళ్లంతా కూడారు. వరుసలో వెనక నిలబడ్డ పక్కింటి వినోద, రంజిత్ గోళ్లు చూసి, గొంతు తగ్గించకుండానే అడిగింది.

"శ్రావణంల మాలేందక్కా? గోత్రం పేరు ఖరాబ్ చేస్తుండు. అసలు మనోడేనా?"

వరుస కదిలింది. పూజారి బాలలక్ష్మి చేతిలో పళ్లెం అందుకుని, అలవాటు ప్రకారం పేరు, గోత్రం అడిగాడు.

"రంజిత్. గోత్."

"గోత్రం అడిగిన తల్లీ."

"గదే చెప్తున్న. గోత్."

"మన పద్మశాలీలకు నూటొక్క గోత్రాలు. గీ పేరు అండ్ల లేదమ్మా."

బాలలక్ష్మి వెనక్కి తిరిగి వినోదను ఒకసారి చూసింది. మళ్లీ పూజారి వైపు తిరిగింది.

"ఇది నూట రెండోది. చదువుండ్రి."

వెనక వరుస గుడి బయటిదాకా ఉంది. పూజారి వాదన పెట్టుకోలేదు. "గోత్ గోత్రోద్భవస్య, రంజిత్ నామధేయస్య" అని మైకులో చదివాడు.

రంజిత్‌కు ఏడుపొచ్చింది. కాటుక పాడవుతుందని ఆపుకున్నాడు.