కెమెరాకు వీపు పెట్టినవాడు

గులాం మొహిద్దీన్ తొలిసారి చచ్చిపోయింది పద్దెనిమిదేళ్ళ వయసులో, మద్రాసు శివార్లలోని ఒక ఇసుక గుట్ట మీద. చౌకగా చుట్టేసే కౌబాయ్ సినిమాల కాలమది. నెల్లూరులో జట్కా తోలిన కుర్రవాడికి గుర్రమంటే బెదురు లేదు. ఆ ఒక్క అర్హతతో అతణ్ణి దొంగల ముఠాలో చేర్చుకున్నారు. మనుషులు తక్కువ, చావులు ఎక్కువ. పొద్దున ఎర్ర రుమాలుతో చచ్చినవాడే మధ్యాహ్నం నల్ల టోపీతో మళ్ళీ చావాలి. అందుకే ఫైట్ మాస్టరు మొదటి రోజే నియమం పెట్టాడు: తూటా తగలగానే కెమెరాకు వీపు తిప్పాలి, ముఖం ఇసుకలో దాచాలి. ముఖం కనిపిస్తే మర్నాడు పని లేదు. ఒప్పందం లేదు, తెర మీద పేరు లేదు. సాక్ష్యం మిగలకుండా ఒక మనిషిని వాడుకోవడానికి ఇంతకన్నా శుభ్రమైన, ఏ చట్టానికీ చిక్కని పద్ధతి మరొకటి లేదు.

ఆ సినిమాలు ఆగిపోయాక ఆయన దుబాయ్ దారి పట్టాడు. 2022 నాటికి అల్ ఐన్‌లో ఒక అరబ్బు తోటలో గుర్రాలను చూసుకుంటున్నాడు. భార్య హబీబున్నీసా అదే ఇంట్లో వంటమనిషి. పెళ్ళయిన కొత్తలో ఆమెను సినిమాహాలుకు తీసుకెళ్ళి, పడిపోతున్నవాణ్ణి చూపించి "అది నేనే" అన్నాడు. ఆమె నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు.

ఆ చలికాలంలో చరణ్‌తేజ్ వచ్చాడు. దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగం, సెలవు రోజుల్లో సినిమా పిచ్చి. చిన్న కౌబాయ్ చిత్రానికి గుర్రం కావాలని అడిగితే, పొద్దుగూకే దాకా వాడుకోమన్నాడు తోట యజమాని, వాళ్ళ కఫీల్. మొహిద్దీన్ పాత వృత్తి సంగతి వినగానే కుర్రవాడికి హుషారు పుట్టింది.

"చాచా, ముసలి షెరీఫ్ వేషం నీదే. గుర్రం పక్కన నిలబడు, తూటా తగుల్తది, కెమెరా దిక్కు జూస్కుంట పడాలె. మొఖం మంచిగ కనబడాలె!"

"మొకమా?" అన్నాడు మొహిద్దీన్. ముఖం చూపించమని అంతవరకూ ఆయన్ని ఎవరూ అడగలేదు.

వంటింట్లో హబీబున్నీసా నవ్వింది. "ఏమయ్యా, ఈసారన్నా నువ్వేనని తెలిసేట్టు చస్తావా?"

"చూస్తావుగా. గడ్డం గూడా గీయించుకున్నా."

పొద్దు వాలుతుండగా తూటా చప్పుడయింది. మొహిద్దీన్ మోకాళ్ళు వంగాయి, భుజం తిరిగింది, ముఖం ఇసుకలోకి పోయింది. కెమెరాకు వీపు మాత్రమే మిగిలింది. చాలా చక్కగా పడ్డాడు.

"అయ్యో చాచా! ఇటు పడమన్న గదా!"

"ఇంకొక్కసారి బాబూ..." అంటూ లేచేసరికి కఫీల్ కొడుకు కళ్ళెం అందుకున్నాడు.

"ఖలాస్. యల్లా," అన్నాడు, అయిపోయింది ఇక పదమన్నట్టు.

వెలుగు కూడా అయిపోయింది. ఉన్న షాటే ఉంచారు.

కొన్ని వారాలకు చిత్రం ఫోనుకు వచ్చింది. చివర్లో గులాం మొహిద్దీన్ అని పేరు కూడా పడింది. హబీబున్నీసాకు చదువు రాదు. ఆయన చదివి వినిపించనూ లేదు. ఆమె పిండి చేతులు తుడుచుకొని, అప్పుడు సినిమాహాల్లో చూసినవాడిలాగే ఇసుకలో బోర్లాపడ్డ మనిషిని చివరిదాకా చూసింది. ఎప్పటిలా ఎగతాళి చేస్తుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె ఫోను ఆయన చేతికిచ్చి రొట్టె తిప్పింది.

గుర్రాలకు దాణా వేళయింది. ఆయన లేచి వెళ్ళాడు.