అవ్వ పిడికిలి

ఆమెను నేను అవ్వా అనే పిలిచిన. ఖానాపూర్ దగ్గరి ఊర్ల, ఆమె ఇంటెనుక చేదబావి ఉండె. ఆ నీళ్లల్ల యురేనియం ఎక్కువున్నదని, తాగొద్దని పరీక్ష చేసి చెప్పింది నేనే. ఆ పేరు ఆమెకు నోరు తిరగలే. "ఇసం" అన్నది.

బావికి ఎగువన మేం నీళ్ల ఆఫీసోళ్లం కందకం తవ్వి, మాగిన పెంటెరువు, కుళ్లిన ఆకు నింపినం.

"భూమిల పారే నీళ్లు గీ ఎరువుల నుంచి పోతయి అవ్వా. ఇసాన్ని ఎరువు పట్టుకుంటది."

అవ్వ పిడికిలి బిగించి చూపెట్టింది. "గిట్లనా?"

"గట్లనే."

అప్పటిసంది ఎప్పుడు పోయినా అదే పిడికిలి, అదే మాట. "పట్టిందా సారూ?"

"జర ఆగాలె అవ్వా. నెలలు పడుతది."

"నా కోడలికి ఏడో నెల సారూ. అది ఆగుతదా?"

వానలు పడ్డంక మళ్ల పోయిన. బావిల నీళ్లు చాయ్ రంగుకు తిరిగి కంపు కొడుతున్నయి. పత్తిచేనుకని దాచుకున్న పెంటకుప్ప లేదు. అవ్వ ఖాళీ గంప పక్కన కూసున్నది. మోచేతుల దాక పేడ.

"మొత్తం బావిలనే ఏసిన సారూ. మీరు దూరం పెట్టిండ్రు, నేను దగ్గర పెట్టిన. ఇగ ఇడిచిపెట్టదు కద?"

నా తెలివి తగలెయ్య! ఎరువు కందకంలనే ఉండాలె, బావిల పడొద్దని ఒక్క మాట చెప్పకపోతిని. ఇప్పుడా నీళ్లు బట్టలుతకనీకి గూడ పనికిరావు.

అవ్వ నా మొకం దిక్కే చూసుకుంట పిడికిలి ముందట పెట్టింది. "పట్టిందా సారూ?"