మా చెల్లెకు పడుకోబెట్టి పోసిన జావ

మా చిన్నప్పుడు... మునగాలలో మా ఇంట్లో అన్నం వేళ అయిందంటే నాకు భయమేసేది. అది మా చెల్లె స్వరూపకు అమ్మ జావ పోసే వేళ.

స్వరూపకు పుట్టినప్పటి నుంచీ మెడ నిలవలేదు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయేవి. కూర్చోలేదు, మాట రాలేదు. ఆరేళ్లొచ్చినా ఇంటిల్లిపాదీ చంటిపిల్ల లెక్కనే చూసేవాళ్లం. అందుకే అమ్మ కూడా చంటిపిల్లకు పోసినట్టే పోసేది. గోడకానుకొని కాళ్లు చాపుకొని, ఆ కాళ్ల మీద చెల్లెను వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కదలకుండా పట్టుకొని ఉగ్గుగిన్నెతో పల్చటి జావ నోట్లో పోసేది...

మా వైపు ఏ ఇంట్లో చూసినా ఉగ్గు అట్లనే పోసేవాళ్లు. అమ్మమ్మ మా అమ్మకు అట్లనే పోసింది, అమ్మ నాకు అట్లనే పోసింది. ఇందులో తప్పుందని ఎవరికి తోస్తుంది చెప్పండి!

కానీ చెల్లె గొంతులో గురగుర... దగ్గు... కళ్లు తేలేసేది. అస్తమానం జ్వరం, ఛాతీలో నిమ్ము. అమ్మ కొంగుతో మూతి తుడిచి, కాసేపాగి మళ్లీ పోసేది. "దాని తీరే గంత తియ్" అనేవాళ్లు వాడకట్టు ఆడవాళ్లు. మేమూ అంతే అనుకున్నాం.

ఒకసారి కోదాడలో మా మేనమామ కొత్తిల్లు కట్టుకొని పాలు పొంగించాడు. ఇంటినిండా చుట్టాలు. అందరికన్నా ముందు చెల్లె కడుపు నింపుదామని అమ్మ ఒక మూలన కూర్చొని దానికి సేమ్యా పాయసం పోసింది. రెండో గుక్కకే చెల్లె అట్లా ఆగిపోయింది... దగ్గు లేదు, ఏడుపు లేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అమ్మ పెట్టిన కేకకు నాన్న పరుగున వచ్చి, పిల్లను తన తొడ మీద బోర్లించి వీపు మీద గట్టిగా చరిచాడు. సేమ్యా ముద్ద బయటపడింది. చెల్లె కెవ్వుమంది. అప్పుడు గానీ మాకు ఊపిరి రాలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. అమ్మకు పెద్దమ్మ వరసయ్యే ఒక ముసలామె పక్కన కూర్చొని, అమ్మ తల నిమురుతూ అంది... "పోనియ్యకపోయారా తల్లీ... దానికీ బాధ తప్పేది, నీకూ తప్పేది."

తిట్టినట్టు అన్నా సరిపోయేది... ఆమె ఎంతో ప్రేమగా అంది! చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ "అదేం మాట" అనలేదు. ఇద్దరు ముగ్గురు తలలు కూడా ఊపారు.

అమ్మ ఆమె చెయ్యి తీసేసింది. "అది నా బిడ్డ పెద్దమ్మా. దానికి ఆకలైతది" అంది. అంతే. భోజనాలకు కూడా ఆగకుండా బస్సెక్కాం.

తెల్లారి సూర్యాపేట దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరమ్మ చెల్లె ఛాతీ చూసి, "ఎట్ల తినిపిస్తవో ఒకసారి చూపియ్యమ్మా" అంది. అమ్మ కింద కూర్చొని, కాళ్ల మీద పడుకోబెట్టి చూపించింది.

డాక్టరమ్మ గ్లాసులో నీళ్లు తెచ్చి, "ఇప్పుడు నువ్వు బల్ల మీద పడుకో. తల వెనక్కి వాల్చు" అంది. అమ్మ సిగ్గుపడుతూనే పడుకుంది. డాక్టరమ్మ ఒక్క చెంచా నీళ్లు అమ్మ నోట్లో పోసింది.

అమ్మకు పొలమారింది! ఉలిక్కిపడి లేచి కూర్చొని దగ్గింది, దగ్గింది... దగ్గు ఆగినా కళ్లల్లో నీళ్లు మాత్రం ఆగలేదు. "అయ్యో... గిన్నేండ్ల సంది నా చేతుల తోటే..." అని చెల్లెను గుండెకు హత్తుకుంది. ఇంత చిన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదే అని నేను నిర్ఘాంతపోయాను. ఇప్పుడు తలచుకున్నా అంతే.

"నీ తప్పు గాదమ్మా, నీకెవరన్న చెప్తే గద" అని డాక్టరమ్మే అమ్మకు మంచినీళ్లిచ్చింది. కూర్చోబెట్టి తాగించింది. చెల్లెను ఎట్లా కూర్చోబెట్టాలో, ఎట్లా తినిపించాలో కూడా చూపించింది.

నాన్న మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. అక్కడి నుంచి గోనెసంచి నిండా ఊక తెచ్చాడు. దాన్ని గోడ మూలకు పెట్టి మధ్యలో గుంట చేస్తే చెల్లె నడుముకు, వీపుకు, తలకు ఆసరా దొరికింది. కాళ్ల కింద పీట. పక్కకు ఒరగకుండా ఛాతీ చుట్టూ మెత్తటి తువ్వాల, ఊపిరాడేంత వదులుగా. అమ్మ ఎదురుగా కింద కూర్చొని పెట్టేది... పైనుంచి పెడితే పిల్ల తలెత్తుతుంది, గొంతులో అడ్డం పడుతుంది. గడ్డం కొంచెం కిందికే ఉండాలి. జావ కూడా చిక్కగా కాచేది, పల్చనిదైతే గొంతులోకి జారిపోతుందని. చిన్న చెంచాతో కొంచెం పెట్టి, అది మింగేదాకా ఆగేది. తిన్నాక కూడా వెంటనే పడుకోనిచ్చేది కాదు, చాలాసేపు అట్లనే కూర్చోబెట్టేది. పిల్లపిల్లకూ తేడా ఉంటుంది, మీ డాక్టరును ఒకసారి అడగండి... కానీ పడుకోబెట్టి మాత్రం పోయకండమ్మా!

జ్వరాలు తగ్గాయి. ఇంకో సంగతి మేమెవ్వరం అనుకోనిది... వెల్లకిలా ఉన్నన్నాళ్లూ చెల్లె తింటూ ఇంటి దూలాలు చూసింది. కూర్చున్నాక మా మొహాలు చూసింది. అమ్మ "ఆ..." అంటే తనూ "ఆ..." అని నోరు తెరిచి నవ్వేది.

స్వరూపకు ఇప్పుడు నలభై దాటాయి. నా దగ్గరే ఉంటుంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే... మొన్న నడిగూడెంలో ఒక ఫంక్షన్లో చూశాను. చక్కగా చదువుకున్న పిల్ల, చేతిలో మంచి ఫోను. మెడ నిలవని కొడుకును కాళ్ల మీద వెల్లకిలా వేసుకొని పెరుగన్నం పిసికి పోస్తోంది. బాబు గొంతులో అదే గురగుర. నేను పరుగెత్తుకెళ్లి లేపి కూర్చోబెట్టాను. "ఎవరు మీరు? వీడి తీరే గంత" అంది ఆ అమ్మాయి, కోపంగా.

రోడ్లు మారాయి, దవాఖానలు మారాయి, ఏదడిగినా చెప్పే ఫోన్లొచ్చాయి... ఆ మాట మాత్రం ఇంకా మారలేదు.

మీ ఇండ్లల్లో ఇట్లాంటి పిల్లలను ఎట్లా సాకారో, ఏం నేర్చుకున్నారో కింద రాయండి... రాసేముందు మీ వాడకట్టులో అట్లాంటి బిడ్డ ఉంటే, ఇవాళ అన్నం వేళకు ఒక్కసారి ఆ ఇంటికి పోయి రండి.