తడి కనిపెట్టే యంత్రం

మహాకావ్యానికి సరిపోయే సంఘటన ఒకటి చెబుదామని కూర్చున్నాను. తీరా రాయబోతే ఇందులో ఉన్నవి ఒక మోటారు, ఒక ఎర్ర దీపం.

తమిళనాట తిరుమంగళం దగ్గర ఒక హైస్కూల్లో పిల్లలకు ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్ నేర్పుతుంటాను. పదో తరగతి సెల్విది మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. మట్టి ఎండగానే మోటారును తానే ఆన్ చేసే యంత్రం తయారుచేసింది. దాంతో పత్తిచేను తడిస్తే పది అయ్యాక ప్లస్ వన్‌లో కంప్యూటర్ గ్రూపులో చేరుస్తానని, లేకుంటే మిల్లు పనికి పంపుతానని వాళ్ళ నాయన అన్నాడు.

క్లాసంతా చేనుకు వెళ్ళాం. సెల్వి సెన్సరును నల్లమట్టిలో గుచ్చింది. ఎర్ర దీపం వెలిగింది, మోటారు నడిచింది. నేను చప్పట్లు మొదలుపెట్టాను. పైపు రెండుసార్లు దగ్గి, గాలి వదిలి ఊరుకుంది.

"పోయిన వారం నీల్లు వచ్చె గదా నాయనా?" అంది సెల్వి.

"మొన్న బోరులో నిలిసిపోయమ్మా. నీ మెషిన్‌కైనా వస్తాయేమోనని సూస్తిని."

"యంత్రం మాత్రం సరిగ్గా పనిచేసింది కదండీ," అన్నాను, లాయరులా.

"బాగా చేసె సార్. మట్టి ఎండిందని నాకూ తెలుసు."

జూన్‌లో సెల్వి మిల్లులో చేరింది. తప్పెక్కడుందో వెతికి దిద్దుకోవడమే నేను పిల్లలకు నేర్పేది. ఇందులో నాకు తప్పే దొరకలేదు.

ఆ రకం సెన్సర్లు తడిమట్టిలో రెండు నెలలకే తుప్పుపడతాయి. మాది ఇప్పటికీ కొత్తగానే ఉంది.