మనం చూసిన నెల

బ్రాడీపేటలో మా చీరల కంపెనీ ఆఫీసులో నాకు కోడింగ్ నేర్పిన అక్క, తెర మీది తేదీని చూపుడువేలితో తాకితే గానీ మాట్లాడేది కాదు. చీరాలలో బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం ఆమెది. ఏ నెలలో మొదట కొన్నవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తున్నారో చూడటం మా పని.

ఒకసారి నా కోడ్, కిందటేడు రంజాన్‌కి కొన్నవాళ్లను ఈ ఏడు అదే ఇంగ్లీషు నెలలో వెతికింది. దాదాపు ఎవరూ కనబడలేదు. "పోయిన కస్టమర్లు" అని రిపోర్టు ఇచ్చేశాను. చీరాల మగ్గాలకిచ్చిన ఆర్డరు ఆపేద్దామన్నారు ఓనరుగారు.

అక్క తేదీ మీద వేలుపెట్టింది.

"పండగ ఏటా పదిరోజులు ముందే వస్తుంది కదమ్మా! వాళ్లు కిందటి నెలే వచ్చి కొనుక్కెళ్లారు. నువ్వు ఖాళీ నెలలో కూర్చుని ఏడుస్తున్నావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నవ్వలేదు. "పోయిన కస్టమర్లు" కొట్టేసి, "మనం చూసిన నెలలో రాలేదు" అని రాసింది. ఆర్డరు ఆగలేదు.

మా పాపకు పద్నాలుగు నెలలు. ఇంకా అడుగు వేయలేదు. డాక్టరుగారు కంగారు పడక్కర్లేదన్నా నాకు మనసు నిలవదు. పోయిన నెల డైరీలో "పాప నడవడం లేదు" అని రాశాను. ఇప్పుడు ఆ తేదీ మీద వేలుపెట్టి, ఆ మాట కొట్టేసి, "నేను చూసిన నెలలో నడవలేదు" అని రాసుకున్నాను.