ఆర్థర్ మేస్టారి అతిథులు

ఆర్థర్ మేస్టారికి ఎదురుగా అతిథి లేనిదే పాఠం వచ్చేది కాదు. కొందరికి ముక్కుపొడుం పడాలి, కొందరికి కిళ్ళీ పడాలి. ఈయనకి తరగతిలో ఒక కొత్త మనిషి పడాలి. ఆ మనిషి ఎవరైనా ఫరవాలేదు, నడిచి రాగలిగితే చాలు. నడవలేనివాళ్ళని రిక్షా ఎక్కించి తెచ్చిన రోజులూ ఉన్నాయి.

ఇది ఎనభై ఆరు, ఎనభై ఏడు నాటి మాట. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళు కమిటీ వేసుకుని నడుపుకునే బడిలో ఆయన ఇంగ్లీషు మేస్టారు, నేను లెక్కల టీచర్ని. పదో తరగతికి ఆయన పీరియడ్ అవగానే నా పీరియడ్. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఆయన అంతకుముందు ఇథియోపియాలో ఏదో కొండ ఊళ్ళో ఆరేళ్ళు ఇంగ్లీషు చెప్పి వచ్చారు. మాట్లాడితే మాత్రం అక్కడే పుట్టి పెరిగినట్టుండేది. బడి కుళాయిలో నీళ్ళు రాకపోతే ఇథియోపియాలో నీళ్ళు ఎలా మోసేవారో చెప్పేవారు. నీళ్ళు వస్తే, అక్కడ ఇలా వచ్చేవి కావని చెప్పేవారు. ఆ పిల్లలు మేస్టారితో ఇంగ్లీషు మాట్లాడటానికి సిగ్గుపడి చచ్చేవారట. బయటి మనిషి వచ్చి కూర్చుంటే మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారట. వేరేవాళ్ళు ఫారిన్ వెళితే ట్రాన్సిస్టరో, గడియారమో తెస్తారు. ఈయన ఈ పద్ధతి మూటగట్టి తెచ్చి మా నెత్తిన దింపారు.

నాకు తగిలిన మొదటి అతిథి తవిటయ్య గారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు చేసి రిటైరైన పెద్దాయన. మందులు కొనుక్కోవడానికి వెళుతుంటే మేస్టారు సైకిలుకి అడ్డం పడి పట్టుకొచ్చారు. బెల్లవగానే నేను చాక్‌పీసుతో గుమ్మంలోకి వెళ్ళేసరికి, ఒక పిల్ల లేచి నిలబడి, "వాట్ డూ యూ లైక్ టు ఈట్, సర్?" అని అడుగుతోంది.

"ఏటంతంది మేస్టారూ ఈ పాప?" అన్నారు తవిటయ్య గారు.

"నీకేటి తినడం ఇష్టమని అడుగుతోందయ్యా."

"పళ్ళన్నీ ఊడిపోనాయి కదా. ఇప్పుడు సెప్పీసి ఏటి లాభం?"

మేస్టారు సంబరంగా తరగతి వైపు తిరిగారు. "విన్నారుగా. ఇంగ్లీషులో చెప్పండి."

"హీ హాజ్ నో టీత్" అని నలభై గొంతులు ఒక్కసారిగా లేచాయి. తవిటయ్య గారు ఇదేదో సన్మానం అనుకుని దండం పెట్టారు.

"మేస్టారూ, బెల్లయింది," అన్నాను.

"ఒక్క ఐదు నిమిషాలమ్మా."

ఆయన ఐదు నిమిషాలు నా పీరియడ్‌లో సగం. అది అయ్యాకైనా అతిథిని తీసుకుని వెళ్ళిపోతారా అంటే, అదీ లేదు. రిజిస్టరు, గొడుగు చంకలో పెట్టుకుని ఒక్కరే బయల్దేరతారు.

"మేస్టారూ, మరి ఈయన?"

"కూర్చోనీయమ్మా. వచ్చిన మనిషిని లేపి పంపకూడదు. ఇథియోపియాలో అలా చేస్తే ఇంక కాఫీ పొయ్యరు. లెక్కలు కూడా చూసి వెళతాడు."

చెప్పేసి స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళి హాయిగా టీ తాగేవారు. నేను ఆ పెద్దమనిషి ముందు చాక్‌పీసు పట్టుకుని ఉడికిపోయేదాన్ని.

వారానికో అతిథి. గోల్‌బజార్ మిఠాయి కొట్టు ఘోష్ దాదా వచ్చాడు. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఎండుచేపలమ్మే జోగమ్మ గంపతో సహా వచ్చింది. పిల్లలు "వాట్ ఈజ్ ఇన్ యువర్ బాస్కెట్?" అని అడిగితే మూత తీసి ఒక్కొక్కటీ చూపించింది. ఆ వాసనలో నేను వర్గసమీకరణాలు చెప్పాను. రైలు మారడానికి స్టేషన్లో కూర్చున్న ఒకాయన్ని బతిమాలి తీసుకొస్తే, ఆయన ఎక్కాల్సిన రైలు కాస్తా వెళ్ళిపోయింది. ఆ పూట భోజనం మా ఇంట్లోనే. "అతిథి కదమ్మా," అన్నారు మేస్టారు, ఆ భోజనానికి తనూ వచ్చి కూర్చుని.

ఇంట్లో చెప్పుకుంటే ఓదార్పు ఉండేదా? మా ఆయన విల్‌ఫ్రెడ్ గూడ్సు రైలు గార్డు. "ఈ వారం ఎవరు?" అని అడిగి మరీ నవ్వేవారు.

నాకు నవ్వెలా వస్తుంది? నేను టెంపరరీ. మూడేళ్ళుగా టెంపరరీ. దసరా పూజా సెలవుల తర్వాత కమిటీ కూర్చుని, నన్ను పర్మనెంట్ చేయడమా, ఇంటికి పంపడమా తేలుస్తుందన్నారు. ప్రెసిడెంటు గోవిందరావు గారికి బీఎస్సీ పాసై ఖాళీగా ఉన్న మేనల్లుడు ఒకడున్నాడు. ఆ సంగతి న్యూ సెటిల్‌మెంట్‌లో కుక్కలకి కూడా తెలుసు. మా అత్తగారు సూసన్నమ్మ, కోడలు బుద్ధిగా ఇంటిపట్టున ఉండాలని ప్రతి ఆదివారం చర్చిలో పైకే ప్రార్థన చేసేది. నాకేమో ఆ బోర్డు, ఆ పిల్లలు, "ఓహో" అని వాళ్ళ మొహం వెలిగే ఆ క్షణం లేకపోతే పిచ్చెక్కిపోతుంది. ఆ ఉద్యోగం నాకు కావాలి. అంతే.

ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో కడిగేశాను.

"మేస్టారూ, సిలబస్ వెనకబడిపోతోంది. పదో తరగతి మాధ్యమిక్ పరీక్షలో ఒక్క పిల్ల తప్పినా ఆ గోవిందరావు గారు అది నా మెడకే చుడతారు. మీ అతిథుల వల్ల నా ఉద్యోగం పోతుంది."

ఆయన టీ గ్లాసు దించి, నన్ను చాలా జాలిగా చూశారు. ఇప్పటికైనా తలకెక్కింది అనుకున్నాను.

"అలాగేనమ్మా. ఇంతకీ రేపు ఎవరిని తీసుకురమ్మంటావు?" అన్నారు.

ఇంక ఆ మనిషితో ఏం మాట్లాడతాం. నా కోపమంతా బోర్డు మీద చూపించేదాన్ని. మిగిలిన సగం పీరియడ్‌లో పాఠం మొత్తం పిల్లల బుర్రలోకి ఎక్కించాలి కదా. ఉన్న ఉదాహరణల్లో తేలికైనది వెతికి, గొంతు పెంచి, వెనక బెంచీదాకా నడిచి చెప్పేదాన్ని. మధ్యలో అతిథి కునుకు తీస్తే ఆయన్నీ లేపి అడిగేదాన్ని. లంబకోణ త్రిభుజం చెప్పిన రోజు తవిటయ్య గారు రెండోసారి దొరికారు. ఆయన నోరు తెరుచుకుని బోర్డు వైపే చూస్తూ కూర్చున్నారు. పెద్దాయనకి ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డాను.

కమిటీ రోజు వచ్చింది. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. టీచర్ల తరఫున ఆర్థర్ మేస్టారు పక్కనే ఉన్నారు. గోవిందరావు గారు కళ్ళజోడు తుడుచుకుని చాలా మర్యాదగా మొదలుపెట్టారు.

"దేవమణి గారు మంచివారే, కాదనను. కానీ ఆవిడ పాఠం ఎలా చెబుతారో మనలో చూసినవాళ్ళు ఎవరు? ఎవరూ లేరు. తెలియని మనిషిని పర్మనెంట్ చేసేకన్నా, మనకి తెలిసిన కుర్రాణ్ణి..."

"చూసినవాళ్ళు ఉన్నారండీ," అన్నారు ఆర్థర్ మేస్టారు.

లేచి వెళ్ళి తలుపు తీశారు. వరండాలో అతిథులు. ఈ మహానుభావుడు కమిటీ మీటింగుకి కూడా అతిథుల్ని తెచ్చాడు, నా కొంప ముంచాడు అనుకుని కళ్ళు మూసుకున్నాను.

ముందు తవిటయ్య గారి గొంతు వినబడింది.

"బాబూ, నేను నలభై ఏళ్ళు వర్క్‌షాపులో సేసినాను. మూల సరిగ్గా వచ్చిందో లేదో సూడ్డానికి ఇటు మూడు, అటు నాలుగు, అడ్డంగా ఐదు కొలవమనీవోరు. కొలిసినాను. ఎందుకని అడిగితే ఫోర్‌మేను తిట్టీవోడు. ఎందుకో ఈ అమ్మ సెప్పింది. రిటైరైపోయాక తెలిసింది నాకు."

తర్వాత ఘోష్ దాదా. "దీదీ బహుత్ అచ్ఛా పఢాతీ హై. తెలుగు సమఝా నహీ, హిసాబ్ సమఝ్ గయా." నేను బాగా చెబుతానట, తెలుగు అర్థం కాలేదట, లెక్క మాత్రం అర్థమైందట. కమిటీలో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆఖరున జోగమ్మ గంప గుమ్మం బయట దింపి వచ్చింది. "నాకు లెక్కలేటి తెల్దు బాబూ. ఎనక బెంచీ పిల్లకి రాకపోతే ఈయమ్మ ఎన్నిసార్లయినా సెప్పింది. ఇసుక్కోలేదు. నా గంప కంపు కొడతందని నన్ను తిట్టింది గానీ, పిల్లని మాత్రం ఒక్క మాటనలేదు."

గోవిందరావు గారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. వరండాలో ఇంకా మనుషులున్నారు. అందరూ మాట్లాడేదాకా కూర్చుంటే తెల్లారుతుందని ఆయనకి అర్థమైంది. కుర్రాడి ప్రస్తావన మళ్ళీ రాలేదు. నేను పర్మనెంట్ అయ్యాను.

బయటికి వచ్చాక నాకు ఏడుపూ, కోపమూ కలిసి వచ్చాయి. "ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా మేస్టారూ. ఏడాదిగా మిమ్మల్ని తిట్టుకుంటూనే ఉన్నాను."

"ఇథియోపియాలో నన్నూ ఇలాగే పంపించేద్దామనుకున్నారమ్మా," అన్నారాయన. "నా పాఠం ఆ బడి డైరెక్టరు ఎప్పుడూ చూడలేదు. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు కాఫీ అమ్ముకునేది. చలికి తట్టుకోలేక మా తరగతిలో వెనక కూర్చునేది. ఆవిడే వెళ్ళి అడ్డం పడింది. మన పాఠం బయటివాళ్ళు ఒకరు చూసి ఉండాలని అప్పుడు తెలిసింది."

"అదే నాకు చెబితే ఏం పోయింది?"

"చెబితే అతిథి కోసం పాఠం చెబుతావు. చెప్పకపోతే కోపంతో చెబుతావు. నీకు కోపం వచ్చినప్పుడు పాఠం చాలా బాగుంటుందమ్మా."

దానికి కూడా కోపమే వచ్చింది.

పోనీ ఇక నా పీరియడ్ నాకు దక్కుతుందని నెమ్మదిగా ఊపిరి తీసుకున్నాను. కొత్త సంవత్సరం బడి తెరిచిన మొదటి వారంలోనే ఆయన చేతిలో టైంటేబుల్‌తో నా దగ్గరికి వచ్చారు.

"దేవమణమ్మా, నీ పీరియడ్ మధ్యాహ్నానికి జరుపుకో."

"దేనికి మేస్టారూ? మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతారు."

"నా తర్వాత పీరియడ్ హిందీ చెప్పే సుజాతమ్మకి ఇవ్వాలి. పాపం, ఆ పిల్ల టెంపరరీ." గొంతు తగ్గించారు. "ఆ పిల్లకి చెప్పకు."

టైంటేబుల్ ఆయన చేతిలోంచి లాక్కుని, గొణుక్కుంటూనే మార్చి ఇచ్చాను. ఆయన మాత్రం కదలకుండా అక్కడే నిలబడి తల గోక్కుంటున్నారు.

"మళ్ళీ ఏమిటి?"

"సోమవారానికి అతిథి దొరకలేదమ్మా. ఈ మధ్య నన్ను చూస్తే చాలు, అందరూ సైకిళ్ళు తిప్పేసుకుని పారిపోతున్నారు."

"సోమవారం మా ఆయన నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకుంటారు మేస్టారూ," అన్నాను. "లేపి పంపిస్తాను."